కుడి క్లిక్కు ఎవరి హక్కు?

కంప్యూటర్ కొన్నవాడిది, ఫైలు రాసుకున్నవాడిది. ఆ ఫైలు మీద రైట్ క్లిక్ కొడితే దిగే మెనూ మాత్రం వీళ్లెవరిదీ కాదు. ఎన్నికల సీజన్లో రోడ్డు పక్కింటి ప్రహరీ గోడలా ఉంటుందది. సున్నం ఖర్చు ఇంటాయనది, రాతలు పార్టీలవి.

విండోస్ 95తో ఈ మెనూ ఇంటింటికీ వచ్చింది. ఓపెన్, కట్, కాపీ, డిలీట్, ప్రాపర్టీస్ అంటూ పొట్టిగా, పద్ధతిగా ఉండేది. బయటి సాఫ్ట్‌వేర్లూ అందులో పేరు రాసుకోవచ్చని మైక్రోసాఫ్ట్ వీలు కల్పించింది. ఇక ఆగుతారా! విన్‌రార్ వచ్చి నొక్కి కట్టేదొక వరస, కట్టి ఈమెయిల్ చేసేదొక వరస పెట్టుకుంది. యాంటీవైరస్ స్కాన్ చేస్తానంది. పెళ్లి ఫోటోల ఫోల్డర్ మీద క్లిక్ చేసినా ప్లేలిస్టులో చేర్చమంటారా అని వీఎల్‌సీ అడుగుతుంది.

రాసుకుని ఊరుకుంటే సరే. ఈ అతిథుల్లో చాలామంది ఫైళ్లనూ టాస్క్‌బార్‌నూ చూపించే ఎక్స్‌ప్లోరర్ లోపలే కాపురం పెడతారు. ఒకరు బద్ధకిస్తే మెనూ మొత్తం ఆలస్యం. ఒకరు కూలితే టాస్క్‌బార్ సహా అంతా మాయమై మళ్లీ మొలుస్తుంది. తిట్లు మాత్రం విండోస్‌కే.

2021లో విండోస్ 11తో ప్రక్షాళన జరిగింది. మెనూ ఇరవై ఏళ్లుగా అదుపు లేకుండా పెరిగిందని మైక్రోసాఫ్టే వాపోయింది. అదుపు చేయాల్సింది ఎవరో చెప్పలేదు. కట్, కాపీ, డిలీట్ పేర్లు తీసేసి పైన బొమ్మలు అతికించారు. ఏ బొమ్మ ఏమిటో తెలియక జనం తంటాలు పడ్డాక, 2024 వెర్షన్లో వాటి కింద మళ్లీ పేర్లు రాశారు. మరి పాత మెనూ ఏమైంది? ఎక్కడికీ పోలేదు. అడుగున ‘షో మోర్ ఆప్షన్స్’ నొక్కితే మొత్తం చెత్తతో సహా ప్రత్యక్షం. పైన పటారం, లోన లొటారం! ఇక ఖాళీ చేసిన చోట ఇప్పుడు ఎవరున్నారు? ‘ఎడిట్ ఇన్ నోట్‌ప్యాడ్’, ‘ఎడిట్ విత్ క్లిప్‌చాంప్’, ‘ఆస్క్ కోపైలట్’. అన్నీ మైక్రోసాఫ్ట్ ఇంటి దేవుళ్లే.

పాత మెనూయే నేరుగా కావాలనుకునేవాడి పాట్లు చూడాలి. సెట్టింగ్స్‌లో దానికి మీట లేదు. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోకి దిగాలి. 32 అంకెలూ అక్షరాలూ కలగలిసిన ఒక పేరుతో కీ తయారు చేయాలి, దాని కింద ఇంకో కీ పెట్టాలి, అందులో విలువ ఏమీ లేకుండా ఖాళీగా వదలాలి. ఆ ఖాళీ దెబ్బకు కొత్త మెనూ లోడ్ కాలేక చతికిలబడుతుంది, గతిలేక పాతది వస్తుంది. అంటే ఇక్కడ మలచుకోవడం పేరుతో జరిగేది విధ్వంసమే. ఇంకో తిరకాసు, పదహారు ఫైళ్లు ఒకేసారి ఎంచుకుంటే ‘ఓపెన్’, ‘ప్రింట్’ మాయమవుతాయి. పదిహేను దాటకూడదని ఒక కట్టడి ఉంది లెండి. దాన్ని సడలించడానికీ రిజిస్ట్రీయే దిక్కు.

మెనూలో బయటివాళ్ల గోల చూసి పుట్టినవే నిర్‌సాఫ్ట్ వారి షెల్‌ఎక్స్‌వ్యూ లాంటి ఉచిత పనిముట్లు. బయటివాళ్లు చేర్చినవాటిని అది గులాబీ రంగులో చూపిస్తుంది. తెరిచి చూసినవాడికి గులాబీ తోటే. మరో పక్క నైల్‌సాఫ్ట్ షెల్ అనే సాఫ్ట్‌వేర్లో మెనూని స్క్రిప్టు రాసి మలచుకోవచ్చు. మెనూ పొడుగైందని మొత్తుకున్న మనిషే అక్కడ మెనూలో మెనూ, దానికో ఐకాన్, ఐకాన్‌కో రంగు అంటూ ఆదివారమంతా గడిపేస్తాడు. పాపం, ఆ కోరిక అతనిది కాదు, తాళం దొరికిన సంబరం అది.

మెనూ అదుపు వాడేవాడి చేతికివ్వడం అసాధ్యమా అంటే, ఉచిత సాఫ్ట్‌వేర్ చేసే కేడీఈ వాళ్ల డాల్ఫిన్ ఫైల్ మేనేజర్ సెట్టింగ్స్‌లో ‘కాంటెక్స్ట్ మెనూ’ అని ఒక పేజీ ఉంది. ఒక్కో అంశం పక్కన ఒక గడి. టిక్ పెడితే ఉంటుంది, తీస్తే పోతుంది. డబ్బు తీసుకోకుండా పంచేవాళ్లు చేసిన పని ఇది. లైసెన్సుకు డబ్బు తీసుకునే కంపెనీ మాత్రం 1995 నుంచి వాడేవాడికి ఆ టిక్కు గడి ఇవ్వలేదు.