పిట్ట కడుపులో బుల్లితెర

టీవీగా పుట్టాక ఇంటిల్లిపాదీ ముందు కూర్చుని చూడాలి. నాకు ఆ యోగం లేదు. నాకు ఒక్కరే ప్రేక్షకుడు. ఆయనా నన్ను ఛాతీకి కట్టుకుని, గడ్డం వంచి, చీకట్లో చూసేవారు.

నా కాపురం బిగ్ బర్డ్ కడుపులో. న్యూయార్క్‌లో తీసే పిల్లల టీవీ కార్యక్రమం 'సెసమీ స్ట్రీట్'లో ఎనిమిది అడుగుల రెండంగుళాల పసుపుపచ్చ పిట్ట అది. 1969 నవంబరులో కార్యక్రమం మొదలైనప్పుడు అందులో దూరినాయన కెరోల్ స్పిన్నీ. చెత్తడబ్బాలోంచి అందరినీ కసిరే ఆస్కార్ కూడా ఆయనే. పిట్టకేమో ఎప్పుడూ ఆరేళ్ళే.

తోలుబొమ్మలాటలో తెర వెనక మనిషి ఉంటాడు. మా దగ్గర మనిషీ, తెరా రెండూ బొమ్మ లోపలే. పిట్టకి అంతంత కళ్ళున్నాయి గానీ వాటిలోంచి ఆయనకేమీ కనబడదు. కుడిచెయ్యి నెత్తిమీదికి నిలువుగా చాస్తే అదే పిట్ట మెడ. వేళ్ళు ముక్కుని ఆడిస్తాయి, చిటికెనవేలు ఓ చిన్న మీట కదిపితే కళ్ళు కదులుతాయి. ఎడమచెయ్యి ఎడమ రెక్కలో ఉంటుంది. మరి కుడి రెక్కకి? చెయ్యి మిగల్లేదు. గాలపు తీగ ఒకటి మెడ కిందుగా లాగి ఎడమచేతికి కట్టారు. ఇది దిగితే అది లేస్తుంది. మాటల కాగితాలు లోపలే అతికించుకునేవారు. మీరూ ఒకసారి చెయ్యి పైకెత్తి, దించకుండా ఈ పేజీ చదివి చూడండి.

నాదో తిరకాసు ఉంది. నేను అద్దాన్ని కాను. కెమెరా చూసిందే చూపిస్తాను. ఆయన తన కుడివైపు అడుగేస్తే నాలో పిట్ట ఎడమకి పోతుంది. ఇళ్ళలో పిల్లలకి ఎలా కనబడుతోందో అలాగే తనను తాను చూసుకుంటూ నడిచేవారు.

ఒక్కరోజు మాత్రం ఆ తెర ఆయనకి సరిగా ఆనలేదు. కొట్టు నడిపే మిస్టర్ హూపర్ వేషం వేసే విల్ లీ 1982 డిసెంబరులో చనిపోయారు. ఇంకో నటుణ్ణి పెట్టొచ్చు, ఊరెళ్ళాడని సర్దిచెప్పొచ్చు. కానీ పిల్లలకి అబద్ధం చెప్పకూడదనుకున్నారు. ఆ చావు గురించే ఒక భాగం తీశారు. అందులో పిట్ట తన స్నేహితులందరి బొమ్మలూ గీసి పంచుతుంది. ఆ బొమ్మలు స్పిన్నీయే గీశారు. చివర ఒకటి మిగులుతుంది. హూపర్ వచ్చాక ఇస్తానంటుంది. ఇక రాడని పెద్దవాళ్ళు మెల్లగా చెబుతారు. చుట్టూ నిలబడ్డవాళ్ళు ఏడ్చింది నటన కాదు. లోపల ఆయన ముఖమూ తడిసిపోయింది. రెండు చేతులూ పిట్టవే అయినప్పుడు తుడుచుకోవడం ఎలా? పైన ముక్కు మాత్రం తడబడకుండా కదిలింది. 1983 నవంబరు 24న, థాంక్స్‌గివింగ్ పండగనాడు, అమెరికాలో ఇళ్ళన్నీ నిండుగా ఉన్నప్పుడు ఆ భాగాన్ని ప్రసారం చేశారు.

ఏళ్ళు మీదపడ్డాక ఆయన నిలకడ తప్పింది. 2015లో పిట్టలోంచి బయటికొచ్చేశారు. గొంతు మాత్రం 2018 దాకా ఇచ్చారు. 2019 డిసెంబరు 8న పోయారు, 85 ఏళ్ళకి.

ఆయన తర్వాత లోపలికొచ్చింది మ్యాట్ వోగెల్. ఆయనకిది కొత్తేం కాదు, ఏళ్ళ తరబడి స్పిన్నీకి మారుగా ఆడినవాడే. పట్టీ బిగించుకుని, గడ్డం వంచి ఒకసారి నావంక చూశాడు. తర్వాత కుడిచెయ్యి పైకెత్తాడు.