మీరేవిట్లు? సల్ఫరా, సెపియానా?

విదేశంలో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే మొదటి ప్రశ్న ఏ ఊరని, రెండోది ఏ కంపెనీ అని, మూడోది ఇల్లు కొన్నారా అద్దెకా అని. నాలుగో ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చి ఆగుతుంది. "మీరేవిట్లు?" అని సూటిగా అడగడం మొరటుతనం కాబట్టి ఇంటిపేరు దగ్గర మొదలెట్టి, మేనమామగారి ఊరి మీదుగా నరుక్కొస్తారు. ఐర్లాండులోని మా బాలింకాలిగ్‌లో ఆ ఇబ్బంది కూడా తీరిపోయింది. మొన్న ఒకరింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్తే, ప్రసాదం చేతిలో పెడుతూ ఒక అక్కయ్య నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు లైకోపోడియమే కదూ తమ్ముడూ?" అంది.

గోత్రం కాబోలనుకున్నాను. "కాదక్కా, కౌశికస" అన్నాను.

గోత్రం కాదట, హోమియో మందట. మందు కూడా కాదు, మనిషి రకమట. అక్కయ్య సెపియా. బావగారు నక్స్ వామికా. పెద్దాడు కల్కేరియా; వాడికి చలికాలం రాత్రుళ్ళు పిల్లికూతలు వస్తాయి, ఆయాసం. ఇండియా నుంచి వచ్చి ఆర్నెల్లు ఉండి వెళ్ళిన అత్తగారు లాకెసిస్. లాకెసిస్ అంటే దక్షిణ అమెరికా పాము విషం. వసపిట్టలా వాగేవాళ్ళకీ, ఈర్ష్యాపరులకీ ఇస్తారు. అత్తగారిని పాము విషం అనడానికి ఇంత మర్యాదైన దారి మన భాషలో లేదని ఒప్పుకుని తీరాలి.

విషయం తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. మామూలు డాక్టరు జబ్బుని బట్టి మందిస్తాడు, మేం మనిషిని బట్టి ఇస్తాం అనేది హోమియో వారి గర్వకారణం. హానెమాన్ 18వ శతాబ్దం చివర మొదలెట్టిన ఈ వైద్యంలో మనసు లక్షణాలకి మొదటినుంచీ పీట ఉంది. అమెరికాలో కెంట్ వంటివాళ్ళు దానికి సింహాసనం వేశారు. తర్వాత వచ్చినవాళ్ళు ఒక్కో మందుకీ ఒక్కో నవల రాశారు. సల్ఫర్ మనిషి చింకిబట్టల తత్వవేత్త, స్నానమంటే గిట్టదు, దుప్పట్లోంచి కాళ్ళు బయట పెడతాడు. ఆర్సెనికం మనిషి బంగారు పిడి చేతికర్ర పట్టుకునే శుభ్రం పిచ్చివాడు. పల్సటిల్లా మనిషి నీలి కళ్ళతో, లేత రంగు జుట్టుతో, ఇట్టే ఏడ్చి ఇట్టే ఊరుకునే మెత్తటి ఆడపిల్ల. నీలి కళ్ళ పిల్లని గుంటూరు జిల్లాలో ఎక్కడ వెతకాలో పుస్తకాల్లో లేదు.

ఇక నా రకం. లైకోపోడియం మగవాడికి బుర్ర చురుకు, ఒళ్ళు బలహీనం, కడుపుబ్బరం; బయట పిల్లి, ఇంట్లో పులి; బాధలన్నీ సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది లోపల ముదురుతాయి. చదివి నిర్ఘాంతపోయాను. అన్నీ నిజమే. ఒక్క సంగతి, ఐర్లాండులో సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది అంటే కాలిఫోర్నియా వాళ్ళు నిద్రలేచి మీటింగులు పెట్టే వేళ. ఆ నాలుగు గంటలూ నాతోపాటు ఈ ఊళ్ళో సాఫ్ట్‌వేర్ తెలుగువాళ్ళందరం లైకోపోడియాలమే.

ఇలా అన్నీ నిజమే అనిపించడం కొత్తేం కాదు. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన క్లాసులో 39 మందికి ఒక పరీక్ష పెట్టి, ఎవరి వ్యక్తిత్వం వాళ్ళకి విడిగా రాసిచ్చాడు. ఎంత బాగా సరిపోయిందో మార్కులెయ్యమన్నాడు. సగటున 5కి 4.26 వేశారు. అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం, బజార్లో అమ్మే జాతకాల పుస్తకంలోంచి ఏరిన వాక్యాలు. "మీరు పైకి ధైర్యంగా కనిపిస్తారు గానీ లోపల బెంగపడతారు" అంటే కాదనేవాడిని నేనింతవరకూ చూడలేదు. అందరి ఎదుటా నవ్వి ఒంటరిగా ఏడ్చేది, ఓదారిస్తే మండిపడేది నేట్రం మూర్ మనిషి. ఆ లెక్కన మా బంధువర్గంలో సగం మంది నేట్రం మూర్లే. ఇంతకీ నేట్రం మూర్ అంటే ఏమిటి? ఉప్పు. వంటింట్లో ఉప్పు. ఏడాదికి సరిపడా ఆవకాయ జాడీ లోంచి గరిటెలకి గరిటెలు ఉప్పు తిన్నా తీరని గుండెకోత, ఆ ఉప్పే అణువైనా మిగలకుండా కడిగి ఇస్తే తీరుతుందట.

కడగడం అంటే మాటవరసకి కాదు. ఒక వంతు సరుకు, 99 వంతుల నీళ్ళో ఆల్కహాలో కలిపి కుదపాలి. అందులోంచి ఒక వంతు తీసి మళ్ళీ 99 వంతులు. ఇలా ముప్ఫైసార్లు చేస్తే 30. పన్నెండోసారి దాటేసరికే అసలు సరుకు అణువు ఒక్కటి మిగిలే ఆశ పోతుంది. ముప్ఫైయ్యోసారికి 1 పక్కన 60 సున్నాలు. ఒకే ఒక్క అణువు దక్కాలంటే భూమంత నీటిగోళాలు వేల కోట్లు తాగాలి. సముద్రంలో కాకిరెట్ట అని మనం తీసిపారేసేది వీళ్ళ లెక్కలో మహా మోటు మోతాదు. సరుకు లేకపోయినా నీళ్ళకి జ్ఞాపకం ఉంటుందంటారు, ఇంగువ కట్టిన గుడ్డలాగ.

నీళ్ళకి జ్ఞాపకం ఉంటే మా ఊరి సంగతి ఆలోచించండి. బాలింకాలిగ్ పుట్టి పెరిగిందే తుపాకిమందు మీద. 1794లో లీ నది ఒడ్డున చార్లెస్ హెన్రీ లెస్లీ మిల్లులు పెట్టాడు. 1805లో బ్రిటిష్ ప్రభుత్వం కొనేసింది, నెపోలియన్ ఓడిపోయిన 1815లో మూసేసింది, మళ్ళీ ఇంకొకరు తెరిచి 1903 దాకా నడిపారు. ఇప్పుడది పార్కు, పాత గోడల మధ్య జనం కుక్కల్ని తిప్పుకుంటారు. తుపాకిమందులో ఉండేవి మూడే సరుకులు: పెట్లుప్పు, గంధకం, బొగ్గు. హోమియో పెట్టెలో ఈ మూడూ మూడు మందులు: కాలీ నైట్రికం, సల్ఫర్, కార్బో వెజ్. 1915లో జాన్ హెన్రీ క్లార్క్ అనే లండన్ హోమియో వైద్యుడు ఏకంగా తుపాకిమందునే ఔషధం చేసి చిన్న పుస్తకం వేశాడు. అంటే ఆ మిల్లులు నడిచినన్నేళ్ళూ కాలవల్లో, రేవుల్లో, వానల్లో తుపాకిమందు పొడి కలుస్తూ, కుదుపుతింటూ, పలచబడుతూ లీ నదిలోకి పోయింది. పలచబడేకొద్దీ వీర్యం పెరిగేటట్టయితే ఈ పాటికి ఈ ఊరివాళ్ళు ముట్టుకుంటే పేలాలి. కానీ 220 బస్సు దిగేటప్పుడు ప్రతివాడూ డ్రైవరుకి థాంక్యూ చెప్పి మరీ దిగుతాడు.

ఇంతా తెలిసి కూడా నేను హోమియో మందుకి వెళ్ళాను. వెటకారం చేసేవాడు వెళ్ళి చూడాలి గదా. పైగా జూన్ వస్తే నాకు తుమ్ములు, గడ్డి పుప్పొడి పడదు. ఎవరి దగ్గరికి, ఎక్కడికి అన్నది చెప్పను. ఐర్లాండులో హోమియోపతులకి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ అంటూ లేదు, ఎవరైనా బోర్డు కట్టుకోవచ్చు. మన దేశంలో కనీసం ఐదున్నరేళ్ళు కాలేజీలో కూర్చోబెట్టి ఈ సున్నాలు చెబుతారు.

గంటన్నర కూర్చోబెట్టారు. ఉరుములంటే భయమా? గుడ్లు ఇష్టమా? కలలో దొంగలు వస్తారా? ఎవరైనా ఓదారిస్తే కోపం వస్తుందా? చిన్నప్పుడు నాన్న కొట్టేవారా? నా పెళ్ళయ్యాక ఇన్ని ప్రశ్నలు నన్నెవరూ అడగలేదు. ఎంత కమ్మగా ఉందో చెప్పలేను. మధ్యలో కళ్ళు చెమర్చాయి, టిష్యూ ఇచ్చారు. తుమ్ముల గురించి అడిగింది ఆఖరి ఐదు నిమిషాలు. లైకోపోడియం 200 రాశారు.

మూడు వారాలకీ తుమ్ములు అలాగే ఉన్నాయి. మళ్ళీ వెళ్తే మందుని ఎవరూ అనుమానించలేదు, నన్ను అనుమానించారు. "మీరు మొన్న ఏదో దాచారు" అన్నారు. తవ్వి తీస్తే నేను నేట్రం మూర్‌ని. జూలై గడిచింది, తుమ్ముతూనే ఉన్నాను. ఈసారి నేను అసలు సల్ఫర్‌నట, పైన రెండు పొరలు ఒలిస్తే గానీ బయటపడలేదట. ఆగస్టులో తుమ్ములు ఆగాయి. ఆగస్టుకి ఐర్లాండులో గడ్డి పుప్పొడే ఆగిపోతుంది. ఘనత సల్ఫర్ ఖాతాలో పడింది.

ఇదీ ఇందులో ఉన్న మహత్తు. మందు పనిచెయ్యకపోతే తప్పు మందుది కాదు, మనిషి ఎంపికది. మనిషి రకాలకి అంతులేదు కాబట్టి ఓటమికీ అవకాశం లేదు. ఎక్కువైతే "మంచికే, రోగం బయటికొస్తోంది", తగ్గితే మందు, అలాగే ఉంటే మీరు కాఫీ తాగారు.

మా తాతగారి ఊళ్ళో కూడా అరుగు మీద ఒక రిటైర్డు మాస్టారు చెక్కపెట్టె పెట్టుకుని తీపి గుళికలు ఇచ్చేవారు. మనవాళ్ళకి హోమియో మీద ప్రేమ ఎంతంటే గుడివాడలో ప్రభుత్వ కాలేజీ ఉంది. రాజమండ్రి కాలేజీకి, స్వయంగా హోమియో వైద్యం చేసిన హాస్యనటుడు అల్లు రామలింగయ్యగారి పేరుంది. మాస్టారు పైసా తీసుకునేవారు కాదు. జ్వరం మూడో రోజుకి తగ్గకపోతే, "ఇక పట్నం తీసుకుపోండ్రా" అనేవారు. ఆ మాట చెప్పినందుకే ఆయన నా దృష్టిలో పెద్ద వైద్యుడు.

ఇప్పుడు కార్క్ నగరంలో జరిగిన ఒక కథ. 2019లో బాలింకాలిగ్ ఆ నగరంలో కలిసింది కాబట్టి మా ఊరి కథే అనుకోండి. దీనికి మన నేలతో చుట్టరికం కూడా ఉంది. 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేస్తూ జార్జ్ ఎవరెస్ట్ అడవి జ్వరంతో కూలబడ్డాడు. ఆ తర్వాత ఒక పర్వతానికి పేరైన ఎవరెస్టే. కోలుకోవడానికి ఆఫ్రికా కొస దాకా పోవలసివచ్చింది. అలాంటి జ్వరానికి మందైన సింకోనా బెరడు పుచ్చుకునే హానెమాన్ తన సిద్ధాంతం కనిపెట్టాడు. ఎవరెస్ట్ సోదరుడు థామస్, చర్చి ఫాదరీ, ఆ హానెమాన్‌కి భక్తుడయ్యాడు. ఎంత భక్తంటే పెళ్ళాం పిల్లలతో సహా ఫ్రాన్సు వెళ్ళి ఆయన వైద్యంలో ఏళ్ళ తరబడి ఉన్నాడు. పిల్లలకి పొద్దున్నే చన్నీళ్ళ స్నానం. ఆ పిల్లల్లో మేరీ పెద్దయ్యాక 1855లో, కార్క్‌లో లెక్కల ప్రొఫెసరుగా ఉన్న జార్జ్ బూల్‌ని పెళ్ళాడింది.

బూల్ ఎవరో ఈ ఊరి తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. ఉందా లేదా, నిజమా అబద్ధమా, ఒకటా సున్నానా అని ఆలోచనని లెక్కగా మార్చిన మనిషి. రోజుకి పదిసార్లు బూలియన్ అని టైపు చేసుకుని మేం అన్నం తింటున్నాం. 1864 నవంబరులో ఆయన వానలో తడుస్తూ మూడు మైళ్ళు నడిచి, ఆ తడిబట్టలతోనే పాఠం చెప్పాడు. ఊపిరితిత్తులకి చేరింది. తడి వల్ల వచ్చింది తడితోనే పోవాలని మేరీ ఆయన్ని మంచం మీద పెట్టి బక్కెట్లతో నీళ్ళు పోసిందని చెప్పుకుంటారు. చన్నీళ్ళ వైద్యం చేసే ఎవరో డాక్టరు మాట విందని పిల్లల మేనత్త అనేదట. ఆ అత్త మాట చెప్పిన చిన్న కూతురు ఎథెల్‌కి అప్పటికి ఏడాది నిండలేదు, అత్తకి వదిన మీద ప్రేమా లేదు. కాబట్టి బక్కెట్ల లెక్క నేను రాసివ్వను. డిసెంబరు 8న బూల్ పోయాడన్నది మాత్రం నిజం. 49 ఏళ్ళు. అయిదుగురు ఆడపిల్లలు.

సీసాలో సరుకు ఉందా లేదా అని ఆయన పద్ధతిలో అడిగితే జవాబు ఒక్క అంకె. పరీక్షలు కూడా అదే చెప్పాయి. హోమియో మీద వచ్చిన అధ్యయనాలన్నీ జల్లెడపట్టి, ఏ జబ్బుకీ పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని ఆస్ట్రేలియా వైద్య పరిశోధన మండలి 2015లో తేల్చింది. ఇంగ్లండు ప్రభుత్వ వైద్యసేవ 2017లో రాయడం మానెయ్యమంది. హానెమాన్ చివరి రోజులు గడిపిన ఫ్రాన్సే 2021 నుంచి ఆ మాత్రలకి డబ్బు తిరిగివ్వడం ఆపేసింది. "మా మందు మనిషి మనిషికీ వేరు, మీ పరీక్షలకి అందదు" అని జవాబు.

సరే, నమ్ముదాం. అలాగైతే 2020 జనవరిలో మన ఆయుష్ మంత్రిత్వశాఖ చేసిందేమిటి? కరోనా రాకుండా పరగడుపున మూడు రోజులు ఆర్సెనికం ఆల్బం 30 వేసుకోమంది. చింకిబట్టల తత్వవేత్తకీ, కంటతడి పల్సటిల్లాకీ, అక్కయ్య అత్తగారికీ, దేశం మొత్తానికీ ఒకటే సీసా. రెండు వందల ఏళ్ళు మనిషి మనిషికీ వేరన్నవాళ్ళు ఒక్క ఉత్తర్వుతో అందరినీ బంగారు పిడి చేతికర్రవాళ్ళని చేసేశారు. మహమ్మారిలో ఊరంతటికీ ఒకటే మందు చాలునని శాస్త్రంలో ముందే రాసిపెట్టుందట. పంచాంగంలో అన్నిటికీ పరిహారం ఉన్నట్టు.

అక్కయ్యా, నన్ను లైకోపోడియం అనుకో, నీ ఇష్టం. నీ సెపియా నీది, బావగారి నక్స్ ఆయనది. గంటన్నర నీ మాట వినేవాళ్ళు కావాలంటే శనివారం మా ఇంటికి రా, పెసరట్టు పెట్టి మరీ వింటాను. పెద్దాడికి ఆయాసం వచ్చిన రాత్రి మాత్రం వాడు కల్కేరియానా ఫాస్ఫరసా అని పుస్తకం తియ్యకు. ఇన్‌హేలర్ బీరువాలో కాదు, వాడి దిండు పక్కన ఉంచు. దానికి తగ్గకపోతే 112 నొక్కు. వాడి స్వభావం అడగరు, ఇంటి చిరునామా అడుగుతారు.