సంకెల పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: బొర్రా గుహల దగ్గర జనాన్ని ఎక్కించుకుని కటికి జలపాతం వైపు పోయే జీపులు చాలా దూరం రాళ్ల మీదే నడుస్తాయి. అలాంటి దారిన తిరిగే పాత జీపు ఒకటి, నాలుగు మూలలా కమాన్ కట్టలు (ఉక్కు పట్టాలు పేర్చిన స్ప్రింగులు) ఉన్నది, షెడ్డుకు వచ్చింది. కట్టలు విప్పి, పట్టాలు కడిగి, కొత్త బుష్షులు వేసి బిగించబోతున్న శిష్యుడికి గురువు చేసిన ఉపదేశం ఈ ఆటవెలది. కవి పేరు తెలియదు. ప్రతి మీద గ్రీజు వేలిముద్ర తప్ప సంతకం లేదు.

మూలం:

చక్ర మెత్తి పట్టి సంకెల బిగియింప
బుష్షు మెలిక తిరిగి బుగ్గి యగును
బండి నేల నుంచి బరువిచ్చి బిగియింపు
పరుగు పిదప మరల పట్టు చూడు

ప్రతిపదార్థం: చక్రము ఎత్తి పట్టి = బండిని జాకీ మీద లేపి చక్రములు గాలిలో వేలాడుచుండగా; సంకెల = షాకిల్, అనగా కమాను ఒక చివరి చెవిని చాసిస్‌కు తగిలించు రెండు బద్దల జత; బిగియింపన్ = దాని బోల్టును పూర్తిగా బిగించినచో; బుష్షు = కమాను చెవిలోని రబ్బరు; మెలిక తిరిగి = విడుపు లేని మెలిపడి; బుగ్గి అగును = పొడిపొడిగా రాలును; బండి నేలన్ ఉంచి = టైర్లు నేల కానునట్లు దించి; బరువు ఇచ్చి = బండి బరువంతయు కట్టల మీద పడనిచ్చి; బిగియింపు = బిగింపుము; పరుగు పిదప = కొంత దూరము తిరిగిన తరువాత; పట్టు = కట్టను ఇరుసుకు బిగించు యూ బోల్టుల బిగువు; మరల చూడు = పానా వేసి తిరిగి పరీక్షింపుము.

అన్వయ విచారం: మూడో పాదంలో ‘నేల నుంచి’ అన్న చోట పెద్ద తగాదా ఉంది. ‘నేల మీది నుంచి లేపి’ అని విరిచి, గాలిలోనే బిగించమన్నాడని అర్థం చెప్పేవాళ్లు ప్రతి షెడ్డులోనూ ఒకరిద్దరుంటారు. వాళ్లు బరువు ఎలా ఇస్తారో వాళ్లే సెలవియ్యాలి. గాలిలో వేలాడే చక్రం కట్టను కిందికి లాగుతుందే గాని దాని మీద బరువు పెట్టదు. ఈ అర్థం పుట్టింది వ్యాకరణంలోంచి కాదని మా అనుమానం. బండి ఓనరు టీ తాగి వచ్చేలోపు పని ముగిసినట్టు కనిపించాలి కదా!

తాత్పర్యం: బుష్షును అడ్డంగా కోసి చూస్తే మూడు వరసలు కనిపిస్తాయి: మధ్యలో ఇనప గొట్టం, దాని చుట్టూ రబ్బరు, బయట కమాను చెవి. బోల్టు బిగించగానే ఆ గొట్టం షాకిల్ బద్దల మధ్య నొక్కుకుపోయి వాటితో ఒకటైపోతుంది. ఆ తర్వాత చెవి ఎంత తిరిగినా గొట్టం తిరగదు, ఆ తేడాను రబ్బరే మెలితిరిగి భరించాలి. బండి మామూలుగా నిలబడ్డ ఎత్తులో బిగిస్తే రబ్బరు విశ్రాంతిగా ఉంటుంది. గుంట వస్తే అటు కొంచెం, బండరాయి వస్తే ఇటు కొంచెం మెలిపడి మళ్లీ మామూలు స్థితికి వస్తుంది. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరుకు ఆ వేలాడే స్థితే విశ్రాంతి. బండి దించిన క్షణం నుంచి, షెడ్డు గుమ్మం దాటకముందే, అది మెలిపడి ఉంటుంది. దాని మీద రాళ్ల దారి పెట్టే మెలిక అదనం. అందుచేత నట్లు చేత్తో పట్టేంతవరకే తిప్పి, బండి దించి, బంపరు మీద నిలబడి నాలుగుసార్లు ఊపి, కట్టలు సర్దుకున్నాక అప్పుడు పానా వెయ్యాలని భావం.

కాలనిర్ణయం: రెండో ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపుకు రబ్బరు బుష్షులు లేవు. యూ ఆకారపు షాకిల్, దాని కాళ్లకు మరలు, ఆ మరల మీద తిరిగే ఇనప బుష్షులు, గ్రీజు కొట్టడానికి నిప్పిళ్లు ఉండేవి. ఆ బండికి ఈ పద్యం అక్కర్లేదు, గ్రీజు గన్ను చాలు. కాబట్టి మన కవి రబ్బరు కాలంవాడు, అంతకు ముందువాడు కాడు.

పూర్వపక్షం: ‘అయ్యా, బుష్షుల సంగతి అలా ఉంచండి. బండి ఎత్తు పెంచే ఉపాయం ఒక్క ముక్కయినా చెప్పలేదేం?’ అని కుర్రకారు అడుగుతారు. కవి మౌనం ఉద్దేశపూర్వకమని మా మతం. ఇంకో మందపాటి పట్టా వేస్తే ఎత్తు వస్తుంది, నిజమే. కానీ మందమైన పట్టా మహా మొండిది: మందం రెట్టింపయితే గట్టిదనం ఎనిమిది రెట్లవుతుంది. అలాంటి కట్టతో రాళ్లలోకి దిగితే ఒక చక్రం పైకి పోయినప్పుడు రెండోది కిందికి దిగి నేలను అందుకోలేదు. గాల్లో ఉన్న చక్రం ఊరికే తిరుగుతుంది, నేల మీదున్నది కదలదు. పల్చటి పట్టాలు ఎక్కువ, మందపువి తక్కువ ఉన్న కట్టే కొండదారికి మేలు.

రెండో ఉపాయం, కట్టను ఇరుసు కింద నుంచి ఇరుసు మీదికి మార్చడం. జిప్సీ బండ్ల వాళ్లకు ఇది ప్రాణం. ఇరుసు గొట్టం లావు, కట్ట మందం కలిపితే ఎంతో అంత ఎత్తు ఒక్క దెబ్బకు వస్తుంది. ఇక్కడే అసలు చిక్కు. కాయిల్ స్ప్రింగుకు బరువు మోయడమే పని, ఇరుసును చోటు కదలకుండా పట్టడానికి వేరే కడ్డీలుంటాయి. 2020లో వచ్చిన థార్ వెనక చక్రాలకు చేసింది అదే. కమాన్ కట్ట మాత్రం మోస్తుంది, పట్టుకుంటుంది, ఇంజను ఇచ్చే మెలిని కూడా కాస్తుంది. దాన్ని ఇరుసు మీదికి ఎక్కించగానే పినియన్ కోణం మారి జాయింటు క్రాసులు అరుస్తాయి. ఫస్టు గేరులో గట్టిగా తొక్కితే కట్ట మెలికలు పడి ఇరుసు మూతి పైకి లేస్తుంది. బ్రేకు గొట్టం పొడవు చాలదు, స్టీరింగు కడ్డీ వాలు చెడుతుంది. వీటన్నిటికీ మందులున్నాయి: కోణానికి ఏటవాలు పలకలు, మెలికి అడ్డుకడ్డీ, పొడుగు గొట్టాలు. ఆ బిల్లు చూశాక పద్యంలో ఈ విషయం ఎందుకు లేదో ఓనరుకు బోధపడుతుంది. ఇక స్మృతి ప్రమాణం: మోటారు వాహనాల చట్టం, 1988, 52వ సెక్షన్, కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు.

నాలుగో పాదం: ‘పట్టు’ అన్నది యూ బోల్టుల గురించే. సెంటర్ బోల్టే ఇరుసును ఆపుతుందని చాలామంది నమ్మకం. అది పట్టాలను ఒక గుత్తిగా, ఇరుసును దాని గూట్లో ఉంచే గుర్తు మాత్రమే, ఆపేవి యూ బోల్టుల నాలుగు కాళ్లు. కొత్తగా బిగించిన కట్టలో పట్టాల మధ్య రంగు, తుప్పు, మట్టి నలిగి సర్దుకునే కొద్దీ యూ బోల్టులు వదులవుతాయి. అప్పుడు భారమంతా పాపం సెంటర్ బోల్టు మీద పడి, అది తెగి, ఇరుసు ఒక పక్క వెనక్కి జరుగుతుంది. వెనకాల వచ్చేవాళ్లకు బండి పీత నడక నడుస్తున్నట్టు కనిపిస్తుంది. అందుకే ఎదురెదురు మూలలు మార్చుకుంటూ నాలుగు నట్లూ సమంగా బిగించడం, కొంత దూరం తిరిగాక మళ్లీ బిగించడం. పాత యూ బోల్టులు ఒకసారి సాగినవి, వాటిని తిరిగి వాడకూడదు. ఈ మాట పద్యంలో ఇమడలేదు.

పాఠాంతరం: ‘పట్టు చూడు’కు బదులు కొందరు ‘బోల్టు చూడు’ అని చదువుతారు. ‘ప’కు ‘బో’తో స్వరమైత్రి కుదరదు గనుక యతిభంగం. పండితులు దీన్ని తిరస్కరించారు. షెడ్డుల్లో మాత్రం ఈ పాఠమే చెలామణిలో ఉంది.