కూకట్‌పల్లి మీదుగా లడఖ్

హైదరాబాదులో 350 సీసీ బండి కొనేవారెవరూ ఆఫీసుకు పోవడానికి కొంటున్నామని చెప్పరు. లడఖ్ వెళ్ళడానికంటారు. ఖర్దుంగ్ లా కనుమ 17 వేల అడుగుల పైన ఉంది, అక్కడి పలచటి గాలికి ఏ ఇంజనైనా నీరసపడుతుంది, కాబట్టి పెద్ద ఇంజనే ఉండాలని వాదన. వాదనలో లోపమేమీ లేదు. కాకపోతే ఆ కనుమ ఎక్కే ముహూర్తం వచ్చేదాకా, అంటే సాధారణంగా ఈఎంఐలు తీరిపోయాక కూడా, ఆ బండి రోజూ కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి ఫస్టు, సెకండు గేర్లలో హాఫ్ క్లచ్ మీద పాకుతూ ఉంటుంది. జన్మకో శివరాత్రిలా చేసే ప్రయాణానికి బండిని ఎంచి, దాని మీద ఏడాది పొడవునా ఆఫీసుకు పోవడం మన ప్రత్యేకత.

కాస్త లెక్క చూద్దాం. స్ప్లెండర్‌ది 97.2 సీసీ, సుమారు 8 హార్స్‌పవర్, 112 కిలోల బరువు. క్లాసిక్ 350ది 349 సీసీ, 20 హార్స్‌పవర్, 195 కిలోలు. ఇక రోడ్డు ఎంత అడుగుతుందో చూడాలి. గాలిని చీల్చుకుని పోవడానికి కావలసిన పవరు వేగం రెట్టింపైతే ఎనిమిది రెట్లవుతుంది. వేగం తగ్గితే అదే లెక్కన పడిపోతుంది. చదును రోడ్డు మీద నిలకడగా 40 కిలోమీటర్ల వేగంతో పోవడానికి రెండు హార్స్‌పవర్ కూడా పట్టదు, 60కి మూడు నాలుగు చాలు. పట్టణాల్లో మోటారు సైకిళ్ళకు 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి ఆ 60 కిలోమీటర్లే. ఇరవై గుర్రాలూ ఒళ్ళు విరుచుకోగల అవుటర్ రింగు రోడ్డు ఊరి చుట్టూ ఉంది గానీ, దాని మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు! పవరులో వాడుకున్నంత మేరకే మనకు లాభం. బరువు అలా కాదు, యూటర్న్‌లో, సెల్లారు పార్కింగులో, వెనక్కి లాగేటప్పుడు మొత్తం 195 కిలోలూ మన మోకాళ్ళకే తెలుస్తాయి.

చిన్న బండిని వెక్కిరించడానికి మనవాళ్ళకు ఒక మాట ఉంది: పాలబండి. వెక్కిరించేవారు ఆ పాలబండిని ఎప్పుడైనా నిలబడి చూశారా అన్నది అనుమానమే. నలభై లీటర్ల క్యాను అటొకటి, ఇటొకటి. పాలే ఎనభై కిలోల పైచిలుకు, ఆపైన క్యాన్ల బరువు, మనిషి బరువు. గుంతల దారిలో తెల్లవారకముందే పల్లె నుంచి టౌనుకు ఆ వంద సీసీ బండి ఇదంతా మోసుకొస్తుంది. 'లోడు లాగదు' అని దాన్ని తీసిపారేసే 350 మీద ఉండేది ఒక మనిషి, ఒక లాప్‌టాప్ బ్యాగు.

పెద్ద బండి వైపూ న్యాయం లేకపోలేదు. టార్కు ఎక్కువ కాబట్టి గేర్లు మాటిమాటికీ మార్చే పని తగ్గుతుంది. ఆరడుగుల మనిషికి చిన్న బండి మీద మోకాళ్ళు హ్యాండిలుకు తగులుతాయి. వారం వారం విజయవాడ హైవే ఎక్కేవారు లారీని దాటడానికి పికప్ కోరుకుంటే తప్పు పట్టే పని లేదు. బ్రేకుల వాదన మరీ బలమైనది: 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి, వంద సీసీకి ఆ నియమం వర్తించలేదు. ఇది నవ్వి తీసేసే విషయం కాదు. కానీ ఈ వాదన మనల్ని తీసుకెళ్ళేది 150, 160 సీసీల దగ్గరికి. వాదించేవారు మాత్రం ఆ స్టాపులో దిగకుండా 350 దాకా టికెట్టు తీసుకుంటారు. సరిగ్గా అక్కడే ఎందుకు దిగుతారంటే, 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు జీఎస్టీ 18 శాతం, ఆపైన 40. హిమాలయాలు ఎక్కడానికి ఎన్ని సీసీలు కావాలో పన్ను శ్లాబుకు ఇంత కచ్చితంగా తెలియడం ఆశ్చర్యమే.

'ఆ శబ్దం ఇష్టం, అందుకే కొన్నా' అనేవారితో మాత్రం తగాదా లేదు. 1950లలో సైన్యం సరిహద్దు గస్తీకి ఎంచుకున్న బుల్లెట్టు వంశమది, ఆ దర్జా ఊరికే రాలేదు. మియాపూర్‌లో గస్తీ తిరగమని ఎవరూ పురమాయించలేదు గనక కంపెనీ ఇచ్చిన శబ్దంతో సరిపెట్టుకుంటే చాలు. అది చాలక వేరే సైలెన్సర్లు బిగించుకున్నవారి సొత్తును విశాఖలో పోలీసులు వరసగా పరిచి రోడ్డు రోలరుతో తొక్కించారు. ఆ రోలరు ఎన్ని సీసీలదో మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.