లగ్గంల సప్పుడు చెయ్యొద్దు

హుజూరాబాద్‌లో ఇక ఫంక్షన్ హాల్ పెళ్లంటే పరువు తక్కువ. వరంగల్ రోడ్డు మీద హాలు మాట్లాడినమని చెప్తే చుట్టాలు జాలిగ చూస్తున్నరు. లగ్గం తోటల కావాలె, అదీ ధ్యానంతోని కావాలె. పట్నం నుంచి ల్యాప్‌టాప్‌తో దిగిన ప్లానర్ పిల్లగాడు పెండ్లిపిల్ల తండ్రికి చూపెట్టిన పట్టిక ఇట్ల ఉన్నది: పది గంటలకు మౌన స్వాగతం, పదింబావుకు శ్వాస మీద ధ్యాస, పదిన్నరకు నాద స్నానం, తర్వాత వీలు చూసుకొని పుస్తె.

"నాద స్నానమంటే నలుగు పెట్టుడా?" అని తండ్రి అడిగిండు.

"కాదు అంకుల్, కంచు గిన్నె మీద కొడతారు. ఆ శబ్దంలో మనం మునిగిపోవాలి."

"మరి తువ్వాల?"

తోట అంటే మామిడి తోటే, కిరాయిది. నేల కనబడకుండ ప్లాస్టిక్ గడ్డి పరుస్తరు. కొమ్మలకు బట్టపూలు కడతరు. జనరేటర్ మోతకు పిట్టలు లేచిపోతయి కాబట్టి స్పీకర్ల కోయిల కూత పెడతరు. ముహూర్తమేమో మే నెల. మన దిక్కు ఎండ 44, 45 డిగ్రీలు కొడుతుంటే కండ్లు మూసుకొని కదలకుండ కూసున్న మనిషిది ధ్యానమో వడదెబ్బో డాక్టరే చెప్పాలె.

ఇంటి ముంగట పచ్చని పందిరేసి, కోట్నం పెట్టి పసుపు దంచి, కుమ్మరి ఇంటి నుంచి డప్పులతోని ఐరేని కుండలు తెచ్చిన పెండ్లి ఆరుబయట పెండ్లి కిందికి రాదట. దానికి కొటేషన్ లేదు కదా! జీలకర్ర బెల్లం కాడ తెర అడ్డం పట్టి, ఒకరి నెత్తి మీద ఒకరు చెయ్యి పెట్టుకొని ఉలుకూ పలుకూ లేకుండ ఉండే ఆ కాసేపు ధ్యానం గాక మరేంది? కాకపోతే ఇప్పుడు ఆ క్షణం ఫొటోగ్రాఫర్ది. "చెయ్యి కొంచెం తియ్యండన్నా, మల్ల పెట్టండి."

ధ్యానం మీద నాకు కోపం లేదు. హైదరాబాద్ అవతల చేగూరులో కన్హా శాంతివనం హాలు 2020లో తెరిచిండ్రు, లక్ష మంది పడతరు. అక్కడ ధ్యానం నేర్పినందుకు రూపాయి తీసుకోరు. ఇక్కడ మూడొందల మంది నోరు మూయించుటానికి తలకింతని లెక్క.

అయ్యగారిని గూడ తీసేద్దామనుకున్నరు గానీ చట్టం అడ్డమొచ్చింది. ఆచారం ప్రకారం క్రతువు జరగాలని 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ అంటది. క్రతువు లేకుండ ఉత్త సర్టిఫికెట్‌తోని పెండ్లి కాదని 2024ల సుప్రీంకోర్టు గూడ చెప్పింది. కాబట్టి అయ్యగారికి ఏడు నిమిషాలిచ్చిండ్రు, అడుగుకో నిమిషం.

నిజంగ సప్పుడు లేని లగ్గాలు చూడాలంటే మా విత్తన వరి పొలాలకు రావాలె. ఆడ సాళ్లు, మగ సాళ్లు పక్కపక్కన నాటుతరు. పూత మీద ఉన్నప్పుడు ఇద్దరు చెరో దిక్కు తాడు పట్టుకొని ఊపితే మగ వరి పుప్పొడి ఆడ వరి మీద రాలుతది. తలంబ్రాలు అయిపోయినట్టే. ఈ ముచ్చట చెప్తే ప్లానర్ కండ్లు మెరిసినయి: "కాన్సెప్ట్ బాగుంది అంకుల్, తాడు మనమూ పెడదామా?"

బువ్వ గూడ మౌనంగనే తినాలట. "నల్లిబొక్క కావాలని సైగ ఎట్ల చెయ్యాలె?" అని మేనమామ నిలదీసిండు. దానికీ ప్లానర్ దగ్గర బొమ్మల కార్డు ఉన్నది.

అన్నిటికీ తల ఊపిన నాయనమ్మ ఒక్క కాడ ఆగింది.

"అంత మంచిగనే ఉన్నది బిడ్డా. మరి కట్నాలు సదివేటోడు మైకుల సదువుతడా, మనసుల సదువుతడా?"

పిల్లగాడు ల్యాప్‌టాప్ల వెతికిండు. దొరకలేదు.

"చుట్టాల బిడ్డ లగ్గానికి మేం ఐదువేల నూటపదహార్లు రాయించినం. ఊరంత ఇన్నది. వాళ్లు తిరిగి పెట్టేది గూడ ఊరంత ఇనాలె."

ఆ రాత్రికే పట్టిక మారింది. మౌనం పావుగంట నుంచి రెండు నిమిషాలకు దిగింది, సౌండ్ బాక్సులు రెండు నుంచి ఎనిమిదికి ఎక్కినయి.