మోక్షానికి పది నిమిషాలు

ఢిల్లీలో ప్రణాళికా సంఘానికి 2014లో మంగళం పాడారనీ, ఆ కుర్చీలో 2015 జనవరిలో నీతి ఆయోగ్ వచ్చి కూర్చుందనీ మనం పేపర్లో చదువుకున్నాం. అందులో సగమే నిజం. సంఘం ఎక్కడికీ పోలేదు. సామాను సర్దుకుని హైదరాబాదు వచ్చేసి ఇంటికో శాఖ తెరిచింది. శుక్ర, శని, ఆదివారాలు వరసగా సెలవులని క్యాలెండర్లో కనిపించిన పూటే వాట్సాప్‌లో ఒక గ్రూపు పుడుతుంది. దాని పేరు ‘శ్రీశైలం-సాగర్ ఫైనల్’. మర్నాడు కొందర్ని చెప్పకుండా వదిలేసి ‘ఫైనల్ 2’ పుడుతుంది. వదిలేసినవాళ్లకి ఆ సంగతి ఎవరో ఒకరు చేరవేస్తారు. కాబట్టి మూడోదీ తప్పదు.

మా బంధువర్గంలో ఈ సంఘానికి అధ్యక్షులు బావగారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్టు మేనేజరు. ఆఫీసులో ఆయన ప్రాజెక్టు ఏదీ గడువులోపల పూర్తి కాలేదని గిట్టనివాళ్లు అంటారు గానీ, ఇంట్లో ఆయన ఎక్సెల్ షీటుకు తిరుగులేదు. హైదరాబాదు నుంచి కల్వకుర్తి, డిండి, మన్ననూరు మీదుగా నల్లమల ఎక్కి శ్రీశైలం. మర్నాడు దోర్నాల వైపు ఘాట్ దిగి, యర్రగొండపాలెం, మాచర్ల మీదుగా నాగార్జునసాగర్. అక్కణ్నుంచి ఇల్లు. అంటే కొండలు, అడవి, రెండు మహా జలాశయాలు, ఒక జ్యోతిర్లింగం, ఒక శక్తిపీఠం, పల్నాటి యుద్ధం, ఇక్ష్వాకుల రాజధాని. ఐదొందల కిలోమీటర్ల పైచిలుకు. అన్నీ రెండు రోజుల్లో. మూడో రోజు బట్టలు ఉతుక్కోవడానికి.

ఆ షీటు నాకూ వచ్చింది. కొన్ని పద్దులు ఉన్నవున్నట్టు ఇస్తున్నాను. సాక్షి గణపతి, ఐదు నిమిషాలు. శిఖర దర్శనం, పది నిమిషాలు. డ్యామ్, కారు దిగకుండా, మూడు నిమిషాలు. టిఫిను, గంటంబావు.

శిఖరం సంగతి తెలియనివాళ్లకి ఒక మాట. శ్రీశైలం నుంచి దోర్నాల వెళ్లే దారిలో శిఖరేశ్వరం ఉంది. అక్కడ నంది కొమ్ముల మధ్య నుంచి చూపు సారిస్తే దూరాన మల్లన్న గుడి శిఖరం కనిపిస్తుందనీ, అది కంటపడ్డవాడికి ఇక పునర్జన్మ ఉండదనీ నమ్మకం. ఎనభై నాలుగు లక్షల జన్మల నుంచి విడుదలకు బావగారు కేటాయించింది పది నిమిషాలు. కారు పార్కింగు అందులోనే. మసాలా దోసెకి మాత్రం గంటంబావు. ఆయన్నీ తప్పుపట్టలేం. మోక్షం ఆలస్యమైందని ఎవరూ అలగరు. టిఫిను ఆలస్యమైతే పెదనాన్నకి షుగరు పడిపోతుంది.

సాక్షి గణపతిది ఇంకా జాలిపడాల్సిన కథ. శ్రీశైలం వచ్చినవాళ్ల పేర్లు రాసుకుని, ‘వీళ్లు నిజంగానే వచ్చారు’ అని శివుడి దగ్గర సాక్ష్యం చెప్పడం ఆయన ఉద్యోగం. చేతిలో కలం, పత్రం పట్టుకుని కూర్చున్నది అందుకే. ఎన్నో తరాలుగా ఒక్కడే నడుపుకొస్తున్న ఆ శాఖలో ఇప్పుడు పని లేదు. వచ్చినవాళ్లు ఎవరి సాక్ష్యం వాళ్లే తీసుకుంటున్నారు. ఆయనకి వీపు తిప్పి నిలబడి, చెయ్యి చాచి, మెడ ఒక పక్కకి వాల్చి. ఆ వెంటనే లొకేషన్‌తో సహా స్టేటస్. శివుడికి తర్వాతైనా తెలియవచ్చు, కూకట్‌పల్లిలో తోడికోడలికి ఇప్పుడే తెలియాలి.

ఇక బయల్దేరే వేళ. అమ్రాబాద్ పులుల అడవిలో రోడ్డును రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరుకి తెరుస్తారు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఆ గేటు. ఆరుకల్లా అక్కడుంటే అడవిలో తెల్లవారడం చూడొచ్చనీ, అందుకు మూడింటికే బయల్దేరాలనీ సంఘం తీర్మానించింది. మూడింటికి బయల్దేరాలంటే రెండింటికి లేవాలి. రెండింటికి లేవాలంటే ముందురోజు ఎనిమిదికే పడుకోవాలి. ఎనిమిదికి పడుకోవాలంటే సాయంత్రమే పులిహోర కలిపి పెట్టుకోవాలి. ఎవరు కలపాలన్న ప్రశ్న వచ్చేసరికి మగవాళ్లందరూ ఒక్కసారే ఆఫ్‌లైన్ అయ్యారు.

ఎన్ని తీర్మానాలు చేసినా తెలుగు కుటుంబపు కారు ఎనిమిదిన్నరకు ముందు కదిలిన దాఖలా చరిత్రలో లేదు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడం, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాక గ్యాస్ కట్టేశామా లేదా అని వెనక్కి తిరగడం, పెద్దమ్మ మాత్రల డబ్బా, పెట్రోలు బంకులో టైర్ల గాలి దగ్గర బావగారికీ ఆ కుర్రాడికీ వాదన: ఇవేవీ షీటులో ఉండవు.

‘రాత్రి తొమ్మిది దాటితే గేటు తియ్యరట బావగారూ’ అని అన్నాను. ఆయన నవ్వి, ‘మనకి తెలిసినవాళ్లున్నార్లే’ అన్నారు. ఈ ఒక్క మాట మీదే మన ప్రయాణాలన్నీ నడుస్తాయి. గదికి లెటరు, దర్శనానికి లెటరు, ఇప్పుడు అడవికీ లెటరు. ఆ గేటు పెద్దమనుషుల్ని అవమానించడానికి పెట్టింది కాదు. రాత్రిపూట రోడ్డు దాటే జంతువులు మన చక్రాల కింద పడి చావకూడదని పెట్టారు. అమ్రాబాద్ అడవి 2,600 చదరపు కిలోమీటర్లకు పైమాటే. కృష్ణకు అవతలి ఒడ్డున ఉన్న నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఇంకా పెద్దది, దేశంలోనే పెద్దదిగా పేరు. అంత అడవిలో మన హారన్లు లేకుండా తిరగడానికి పులికి ఇచ్చింది రోజుకు తొమ్మిది గంటలు. అందులోకీ ఎమ్మెల్యే సిఫార్సుతో దూరదామంటాం. పులికి ఏ ఎమ్మెల్యే తెలుసు పాపం! పైగా మా మేనల్లుడి సందేహం ఒకటి: ఫరహాబాద్ సఫారీలో పులి కనిపించకపోతే డబ్బులు వాపసు ఇస్తారా?

అడవిలో చాలాచోట్ల ఫోనుకు సిగ్నల్ ఉండదు. ఇది తెలిసి బావగారు షీటును ప్రింటు తీసి లామినేషన్ చేయించారు. కోతులకు తిండి పెట్టొద్దని రాసిన బోర్డు కింద బండి ఆపి చిప్స్ పొట్లం విప్పడానికి పిన్ని, పిల్లలు ఇప్పటికే తయారుగా ఉన్నారు. ఆ ఖాళీ పొట్లం ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మనం ఎక్కడెక్కడ తిన్నామో సాక్షి గణపతి రాసుకోకపోయినా నల్లమల మర్చిపోదు.

తేదీ ఖరారు చేసేది మాత్రం క్యాలెండర్ కాదు, శ్రీశైలం డ్యామ్. ‘గేట్లెత్తారా?’ అన్నదే వానాకాలంలో తెలుగువాళ్ల కుశలప్రశ్న. పూర్తి నీటిమట్టం 885 అడుగులని పిల్లాణ్ని లేపి అడిగినా చెప్తాడు. సొంత బీపీ ఎంతో తెలియని మా పెదనాన్నకి జలాశయంలో ఈ పూట ఎన్ని అడుగులుందో దశాంశంతో సహా తెలుసు. 2009 అక్టోబరు వరదలో నీళ్లు 896 అడుగులు దాటిన సంగతి ఆయన ఇప్పటికీ, తానే పక్కన నిలబడి టేపుతో కొలిచినట్టు చెప్తారు. గేట్లెత్తినట్టు టీవీలో చూపించిన ఆదివారం రెండు రాష్ట్రాలూ కలిసి ఒకే ఘాట్ రోడ్డు మీదికి వస్తాయి. విభజన తర్వాత ఇంత ఐక్యత నేను మరెక్కడా చూడలేదు. కిలోమీటర్ల కొద్దీ కార్లు. నీళ్లు చూద్దామని వచ్చినవాళ్లు ముందు బండి వెనక లైట్లు చూస్తూ మధ్యాహ్నం దాటిస్తారు.

గేట్లెత్తని రోజు వెళ్తే ‘ఏముంది, గోడ’ అనేస్తారు. ఆ గోడకి 1963లో నెహ్రూ పునాదిరాయి వేస్తే, పని ముగియడానికి 1980ల దాకా పట్టింది. దాని వెనక నీళ్లలో వంద చిల్లర ఊళ్లు పోయాయి. మనుషుల్ని కదిలించారు, దేవుళ్లనూ కదిలించారు. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయికి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. ఊరు పోయినవాళ్ల లెక్క ఇన్నేళ్లయినా తేలలేదని అక్కడివాళ్లు అంటారు. మనకి మూడు నిమిషాలు, కారు దిగకుండా.

నన్నడిగితే శ్రీశైలంలో ముందు చూడాల్సింది గుడి ప్రాకారపు గోడ. కోటగోడలా ఎత్తుగా, పొడుగ్గా సాగిపోతుంది. బయటివైపు వరసలు వరసలుగా శిల్పాలు: ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్లు, మల్లులు, శివుడి కథలు. మల్లన్నను తమ అల్లుడని చెప్పుకునే చెంచులు ఉన్న అడవిలో వేటగాళ్లకి గోడ మీద అంత చోటు దొరకడంలో ఆశ్చర్యం లేదు. క్యూ కట్టక్కర్లేదు, లెటరు అక్కర్లేదు, ఎండ తగ్గాక చుట్టూ నడిస్తే చాలు. అదే దాని దురదృష్టం. ఐదొందల రూపాయల టిక్కెట్టు పెట్టి, ముందురోజు ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలంటే బావగారి షీటులో దానికీ ఒక వరస దక్కేది. జనం దాన్ని ఆనుకుని చెప్పులు విప్పి, లోపల ఫోను పనికిరాదు కాబట్టి ఫోను ఎవరికి అప్పజెప్పాలో తగువు పడి, గోడకి వీపు చూపించి వెళ్లిపోతారు.

మాచర్లకి షీటులో ఉన్న హోదా ‘డీజిల్’. చెన్నకేశవుడి గుడి ప్రస్తావనే లేదు. కోడిపందెం దగ్గర రాజుకున్న పగ కారంపూడి రణరంగం దాకా వెళ్లిందని పల్నాటి కథ. మా కార్లో అయితే ముందు సీటు దగ్గర మొదలై ఏసీ దగ్గర ముదురుతుంది. 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని చెప్పుకునే నేల అది. ఆ నేల మీదుగా ఒక్క ఇంటివాళ్లం మూడు క్యారియర్లతో వెళ్తాం. వదినది వెల్లుల్లి లేనిది, పిన్నిది ఉప్పు లేనిది, మేనల్లుడిది అన్నమే లేనిది.

చివరికి సాగర్. దీనికి 1955 డిసెంబరులో నెహ్రూ పునాదిరాయి వేశారు, 1967 ఆగస్టులో ఇందిర నీళ్లు వదిలారు. లోయ మునుగుతుందని తెలిసి పురావస్తు శాఖవాళ్లు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయంతా తవ్విపోశారు. ఇక్ష్వాకుల విజయపురి అక్కడే. సింహళ భిక్షువుల కోసం కట్టిన విహారం అక్కడే. రాతి మెట్ల ప్రేక్షకశాల ఒకటి బయటపడితే, దాన్ని ఎత్తుకొచ్చి అనుపు దగ్గర మళ్లీ నిలబెట్టారు. దొరికిన శిల్పాల్ని కొండ మీద మ్యూజియంలో పెట్టారు, నీళ్లొచ్చి ఆ కొండ లంకైంది. పదిహేడు వందల ఏళ్లనాటి ఊరిని మునక నుంచి తప్పించడానికి ఆరేళ్ల గడువుతో పరుగెత్తిన ఆ మనుషులకి పని ప్రణాళిక ఉండే ఉంటుంది. మన షీటులో ఇలా ఉంది: బోటింగ్, రెండు గంటలు. మ్యూజియం, బ్రాకెట్లో ‘టైముంటే’. చేపల వేపుడు, తప్పనిసరి.

పెద్దమ్మ గ్రూపులో ఎప్పుడూ ఏమీ పెట్టదు. మొన్న ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది. ‘ఒరేయ్, నీళ్ల దగ్గర ఎక్కడైనా కాసేపు కూచుందామా?’ అని. అందరూ విన్నట్టు నీలిరంగు టిక్కులు పడ్డాయి. బావగారు బొటనవేలు ఎత్తారు. షీటులో మాత్రం ఆ పేరుతో వరసేదీ చేరలేదు.

నిన్న కొత్త చిక్కు వచ్చింది. శుక్రవారం రాత్రికి శ్రీశైలంలో సత్రాలన్నీ నిండిపోయాయి, తెలిసినవాళ్లు ఫోను ఎత్తడం లేదు. శనివారానికైతే గది ఉంది. దాంతో ప్రయాణం తలకిందులైంది: శుక్రవారం సాగర్, శనివారం శ్రీశైలం. ‘బావగారూ, శుక్రవారం నాగార్జునకొండ మ్యూజియానికి సెలవు’ అని నేను పెట్టాను. గ్రూపు కాసేపు నిశ్శబ్దంగా ఉంది. తర్వాత బావగారి జవాబు: ‘సూపర్! టైము మిగిలింది.’

పదకొండు మంది చప్పట్లు కొట్టారు. రాత్రికల్లా ఆ మిగిలిన టైములోకి ఎత్తిపోతల జలపాతం, అనుపు, ఘాట్ దిగేటప్పుడు ఉమామహేశ్వరం వచ్చి ఇరుక్కున్నాయి. పడుకోబోయే ముందు వదిన ఇంకొకటి అడిగింది. ఎలాగూ అటే వెళ్తున్నాం కదా, మంత్రాలయం ఎంత దూరం?

బావగారు టైప్ చేస్తున్నారు.