మీ పెట్టె 'ఓ' అంటుందా?

"ఇకమీదట మనిషి పోయి ముట్టుకోవాల్సిన పనే లేదండీ. అంతా రిమోటే!" ఈ ముక్క అనని సేల్స్ పెద్దమనిషిని చూపిస్తే దండ వేస్తాను. జీరో టచ్ అంటాడు, క్లౌడ్ అంటాడు, గోడ మీది తెరలో పచ్చచుక్కలు మిణుకుమనిపిస్తాడు. అధికారి గారి మొహం వెలిగిపోతుంది, సంతకం పడిపోతుంది. సర్వర్ ఛాసిస్, దాని వెనక దూర్చే నెట్‌వర్క్ మాడ్యూలు, యూపీఎస్ వరసగా దిగుతాయి. వాటితోపాటు అట్టపెట్టె అడుగున ఒక నీలిరంగు చదును వైరు కూడా దిగుతుంది. అదేమిటని అడిగిన పాపాన ఎవరూ పోరు. అట్టపెట్టెతో సహా పాతసామాన్ల బండెక్కుతుంది.

ఇంతకీ ఆ మాడ్యూలుతో మాట్లాడాలంటే దానికొక ఐపీ అడ్రసు ఉండాలి. డీహెచ్‌సీపీ ఉన్నచోట అదే దొరుకుతుంది, కాదనను. లేనిచోట ఎవరో ఒకరు చేత్తో పెట్టాలి. పెట్టాక కూడా, ఏ మహానుభావుడో దూరాన కూర్చుని వీలాన్ నంబరు తప్పు కొట్టి, తాను కూర్చున్న కొమ్మను తానే నరుక్కున్నాడనుకోండి, దారి మూసుకుపోతుంది. అప్పుడు లక్షలు పోసి కొన్న డ్యాష్‌బోర్డు చేయగలిగిందల్లా ఒక ఎర్రచుక్క పెట్టడం. చావు కబురు చల్లగా చెప్పడానికి అన్ని లక్షలెందుకో!

ఆ గడియలో పనికొచ్చేది ఆ నీలిరంగు వైరు తగిలించే సీరియల్ పోర్టు ఒక్కటే. దాని వెనకున్న ఆర్‌ఎస్-232 ప్రమాణం 1960లో పుట్టింది. అప్పటికి మనిషి అంతరిక్షంలోకి కూడా పోలేదు. దానికి ఐపీ అక్కర్లేదు, వీలాన్ అక్కర్లేదు, ఏటేటా లైసెన్సు రెన్యువల్ అసలే అక్కర్లేదు. బహుశా అందుకే సేల్స్ వాళ్లకు దాని పేరు నోరు తిరగదు. పంపడానికి ఒక తీగ, అందుకోవడానికి ఒకటి, గ్రౌండుకు ఒకటి ఉంటే సరి. వేగం చాలా వాటికి 9600, కొన్నిటికి 115200. ఎనిమిది బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్. ఇంతే దీని శాస్త్రమంతా.

ఒంటిమిట్ట వాళ్లకైతే ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 1640 నాటి మాటగా అక్కడ ఒక కథ చెప్తారు. కడప పాలకుల ప్రతినిధి ఇమాంబేగ్ కోదండరామాలయానికి వచ్చి, "మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా?" అని భక్తులను అడిగాడట. మనసారా పిలిస్తే పలుకుతాడన్నారు. ఆయన మూడుసార్లు పిలిచాడు, మూడుసార్లూ 'ఓ' అని జవాబొచ్చింది. అప్పుడు గుడి అవసరాల కోసం బావి తవ్వించాడు. ఇమాంబేగ్ బావి అంటే అదే. సీరియల్ కన్సోల్ పద్ధతీ అదే. వైరు తగిలించి ఎంటర్ కొడితే, ప్రాణమున్న మాడ్యూలు లాగిన్ అంటూ ఒక వరుస పలుకుతుంది. తేడా ఒక్కటే. ఇమాంబేగ్ ముందు పిలిచి చూసి, పలికాకే డబ్బు ఖర్చు పెట్టాడు. మనవాళ్లు ముందు బిల్లు చెల్లించి, పెట్టె మూగబోయాక పిలవడం మొదలుపెడతారు.

ఒంటిమిట్ట రాముడి కల్యాణం రాత్రిపూట పండు వెన్నెల్లో జరగడం ఆచారం. మాడ్యూళ్లకు ఆ ముచ్చటెందుకో తెలియదు గానీ అవీ రాత్రిపూటే పడిపోతాయి. కాకపోతే వీటికి పట్టువస్త్రాలు తెచ్చేవాళ్లుండరు, పాతిక కిలోమీటర్ల అవతల కడప నుంచి బండి మీద ఒక కుర్ర ఇంజనీరు వస్తాడు. అక్కడి ఏదో ఒక ఆఫీసనుకోండి. వాచ్‌మన్ తాళం తీస్తాడు.

"అన్నా, ఈడ నీలం రంగు వైరు ఒకటి ఉండాల, చూసినావా?"

"ఆ చపటా తీగనా సార్? గేటు ఊగులాడతాంటే దానికి కట్టినా. గట్టిది సార్, రెండేండ్లయినా తెగలే."

విప్పుకొచ్చి చూస్తే ల్యాప్‌టాప్‌కు తొమ్మిది పిన్నుల రంధ్రమే లేదు. కన్వర్టర్ ఉంది గానీ, అది బేరమాడి కొన్న చవక సరుకు. గుచ్చగానే ప్రొలిఫిక్ వారి డ్రైవరు మొహం మీదే చెప్తుంది: ఈ చిప్‌ను 2012లోనే ఆపేశాం, అమ్మినవాణ్ణే అడుక్కో అని. పాత డ్రైవరు వెతికి వేస్తే కామ్ పోర్టు నంబరు మారుతుంది. ఆ పోర్టుతో మాట్లాడించే హైపర్‌టెర్మినల్‌ను విండోస్ విస్టాతోనే తీసేశారు కాబట్టి ఆ పనికి పుట్టీ దించుకోవాలి. దించుకోవడానికి నెట్ కావాలి. నెట్ లేదనే కదా వచ్చింది! ఫోను హాట్‌స్పాట్ పుణ్యాన అదీ అయ్యాక, వేగం తప్పు పెడితే తెరనిండా పిచ్చి గీతలు. వేగం సరిచేసి, ఫ్లో కంట్రోల్ హార్డ్‌వేర్ మీద వదిలేస్తే అక్షరాలు చక్కగా కనిపిస్తాయి గానీ కొట్టిన కీ ఒక్కటీ లోపలికి పోదు. ఇదంతా 'ముట్టుకోనక్కర్లేని' పెట్టె ముందు నేల మీద మఠం వేసుకుని కూర్చుని.

చిన్న ఊరి కష్టమని నవ్వుకోకండి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు లోకం నుంచి మాయమయ్యాయి. బ్యాక్‌బోన్ నిర్వహణలో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల డేటా సెంటర్ల మధ్య దారులన్నీ తెంపేసింది. ఇలాంటప్పుడు వాడుకోవడానికే పెట్టుకున్న అవుటాఫ్ బ్యాండ్ నెట్‌వర్క్ కూడా పనిచేయలేదని ఆ కంపెనీయే చెప్పింది. చివరికి ఇంజనీర్లు స్వయంగా డేటా సెంటర్లకు పోవాల్సి వచ్చింది. తీరా పోతే, భద్రతా ఏర్పాట్లు దాటి లోపలికి అడుగుపెట్టడానికే బోలెడు సమయం పట్టింది. ఇటు విశాఖలో గూగుల్ 1500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రం కడతామని 2025 అక్టోబరులో ప్రకటించింది. మంచిదే. ఆ మాట విన్నప్పటి నుంచి మన కార్యాలయాల ప్రెజెంటేషన్లలో పచ్చచుక్కలు ఇంకా లావెక్కాయి.

వైరు భద్రంగా దాచుకున్న బుద్ధిమంతులూ లేకపోలేదు. వాళ్లు పాస్‌వర్డును కూడా చీటీ మీద రాసి ఆ పెట్టెకే అతికిస్తారు. అసలు మార్చనివాళ్లకు చీటీ కూడా దండగ. డెల్ సర్వర్లకు ఏళ్ల తరబడి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన యూజర్ పేరు 'రూట్', పాస్‌వర్డు 'కాల్విన్' అని ప్రపంచమంతటికీ తెలుసు. కన్సోల్ ముందు నిలబడ్డవాడే పెట్టెకు యజమాని కాబట్టి, గేటుకన్నా ముందు ఆ గదికి తాళం అవసరం.

టెండర్లు రాసే అయ్యలకు ఒక మనవి. షరతుల్లో ఇంకో వరుస చేర్చండి: నెట్‌వర్క్ వైర్లన్నీ పీకేసి, సీరియల్ పోర్టు ద్వారా మాడ్యూలుకు అడ్రసు పెట్టి చూపించాకే బిల్లు చెల్లింపు. పెట్టె మీద దాని వేగం రాసిన కాగితం అంటించండి, పాస్‌వర్డు మాత్రం వద్దు. వైరూ కన్వర్టరూ కలిపినా కొన్ని వందల రూపాయల్లో దొరుకుతాయి. కొనేటప్పుడు లోపల ఏ చిప్ ఉందో అడిగి మరీ కొనండి.